మూడోసారి

ముప్పై ఒక్క ఏండ్లు నేను కడిగింది గాజే.
తార్నాక ల్యాబుల రెండో అంతస్తు,
కిటికీ కింది సింకు.
ఒకసారి సబ్బు, ఒకసారి ఆసిడ్,
ఆఖరికి డిస్టిల్డ్ వాటర్ మూడుసార్లు.
"మూడంటే మూడే ఉప్పలయ్యా,
రెండున్నర కాదు" అంటుండె మేడం.

తస్నీమ్ అంటే జన్నత్‌ల ఒక ఊట పేరట.
జీతం కాయితం మీద మాత్రం టి. బేగం.

వాళ్ల నాయిన చార్మినార్ ఎనక గల్లీల వరఖ్ కొట్టేటోడు.
తోలు పుస్తకం నడుమ వెండి ముక్క పెట్టి
పొద్దుగూకేదాంక సుత్తె,
ఊపిరి తగిలితే చినిగే రేకయ్యేదాంక.
ఆ చప్పుడు ఆగితేనే తనకు మెలకువ వస్తుండెనట.
"అబ్బా రేకు కాడ ఆగిండు,
నేను ఇంకొంచెం ముందుకు పోతున్న, అంతే."

ఈమె చేతిల సుత్తె లేదు.
వేపాకు కషాయంల వెండి ఉప్పు కలిపి ఎండకు పెడితే
నీళ్లు మెల్లగ రంగు తిరిగేవి.
కంటికి ఆనని వెండి అందుల ఈదుతున్నదని చెప్తే
వంగి వంగి చూసిన.
నాకు కనబడ్డది చాయే.

బంగారమైతే ఎర్రగుంటది, దానిమ్మ రసం లెక్క.
పాలల్ల కల్తీ తగిలిందా,
రేణువులు ఒకదాన్నొకటి కరుచుకొని నీలమైతయ్.
పొద్దుగాల ఐదింటికే స్కూటీ మీద స్టీలు డబ్బాలు,
బోయిన్‌పల్లి, మోండా, మదీనా.
"నా పాల సంగతి నాకెరుక, నీ బంగారం తీస్కపో" అన్నడు ఒక డైరీ ఆయన.
ఆ డబ్బా మూత సొట్ట ఇప్పటికీ అట్లనే ఉంది.

నీళ్ల పని ఇంకో కథ.
వరి ఊక కాల్చిన మట్టి గొట్టం, దాని లోపలంతా వెండి.
మొదటిది మా అడ్డగుట్ట ఇంట్ల పెట్టిచ్చింది,
దినం తప్పి దినం రాత్రి మూడింటికి నల్లా వచ్చే ఇంట్ల.
ఒక వానకాలం మంచిగ నడిచింది.
రెండో వానకాలానికి వెండి కడుక్కపోయిందని
మా చిన్నది ఆస్పత్రిల పడ్డంకనే తెలిసింది.
మేడం వచ్చి బెంచీ మీద కూసున్నది.
మాట లేదు.
పెన్ను మూత తీసుడు, పెట్టుడు.
వెండి మట్టిని వదలకుంట పట్టుకునేదాంక
ఇంకా నాలుగేండ్లు పట్టింది.
ఆ నాలుగేండ్లు మా ఇంటి నీళ్లు మేమే కాగబెట్టుకున్నం.

నేను ఒక్కటి దాచిన.
ఒకనాడు ఐదు పది బస్సు తప్పుతదని
మూడోసారి కడగలే.
నల్లా కింద ఒక్క ఊపు ఊపి బోర్లేసిన.
తెల్లారి అందుల పోసిన బంగారమంతా నీలం.
అవి బడి పిల్లల పాలు.
తొమ్మిది దినాలు మేడం ఇంటికి సక్కగ పోలే,
చేసిందే చేసింది, రిపోర్టు రాసింది, చింపింది.
ఒక్క దినం నీలం, ఎనిమిది దినాలు ఎరుపు.
ఏ రంగును నమ్మాలె?
ఆ తర్వాత ప్రతి పట్టీ మీద ఇంకో గీత వచ్చింది,
పాలు తాకని ఉత్త గీత.
అది కూడ నీలమైతే తప్పు పాలది కాదట, మనదట.
ఆ గీతను చూసినప్పుడల్లా నేను తల దించుకున్న.

నిన్న ఆమెకు ఆఖరి దినం.
శాలువా కప్పిన్రు, మైసూర్‌పాక్ పంచిన్రు.
అందరు పోయినంక సింకు కాడ చెప్పిన.

ఆమె కోపం చెయ్యలే, నవ్వలే.
సొరుగుల పాత బుక్కు తీసి పేజీ వెతికింది.
"ఏ నల్లా?"
ఎనక దిక్కుది, బోరు.
"డిస్టిల్డ్ ఎన్నిసార్లు?"
రెండు.
తారీఖు ఏసి రాసింది.
నా పేరు రాసింది.
దాని కింద ఉర్దూల ఏదో ఒక్క ముక్క.
నాకు ఉర్దూ చదువ రాదు,
అడగబుద్ధి కాలే.

బుక్కు మూసి
మైసూర్‌పాక్ పెట్టిన గాజు గిన్నె నా దిక్కు జరిపింది.
డ్యూటీ ఇంకా ఇరవై నిమిషాలుంది.
కడిగిన.